తిరుగు ప్రయాణం నాడు ఒక్క చోటే చాలు

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రెండు మూడు రోజుల చిన్న విహారానికి బయలుదేరే దంపతులు చివరి రోజును ఎలా గడపాలని అడిగిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతాలకు సంబంధించినవే కాబట్టి ఒకరికి చెప్పిన జవాబు మరొకరికీ పనికి వస్తుంది.

ప్రశ్న: మేము హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాము. మావారు నిరుడు ఉద్యోగ విరమణ చేశారు. పిల్లలు దూరాన ఉన్నారు. చాలా కాలానికి మేమిద్దరమే మూడు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావాలని అనుకుని నల్లగొండను ఎంచుకున్నాము. శుక్రవారం మధ్యాహ్నం చేరి ఆ పూట విశ్రాంతి, శనివారం నాగార్జున సాగర్, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. చిక్కంతా ఆదివారంతోనే వచ్చింది. ఆ ఒక్క రోజులో కారు మాట్లాడుకుని దేవరకొండ ఖిల్లా, చెరువుగట్టు గుడి, భువనగిరి కోట, యాదగిరిగుట్ట చూసుకుని ఇల్లు చేరాలని ఆయన కాగితం మీద రాసి పెట్టుకున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు. “మళ్లీ మళ్లీ వస్తామా?” అన్నది ఆయన వాదన. ఆయన ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకు ఇష్టం లేదు, అలాగని ఆ పరుగు నా వల్ల కాదు. ఏది తగునో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ వారు రాసుకున్న నాలుగూ చూడదగిన చోట్లే. అయితే ఆ నాలుగూ ఒకే రోజులో, అందునా ఇంటికి తిరిగి వెళ్లే రోజులో, ఇమిడేవి కావు. ముందుగా దారి సంగతి చూడండి. దేవరకొండ నల్లగొండకు సుమారు 60 కిలోమీటర్లు, అదీ చెరువుగట్టు, భువనగిరి ఉన్న దిక్కుకు ఎదురు దిక్కున. వెళ్లి వెనక్కి వచ్చి, నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు చూసి, అక్కడి నుంచి భువనగిరికి, గుట్టకు, చివరికి హైదరాబాద్‌కు చేరేసరికి దాదాపు 250 కిలోమీటర్లు అవుతుంది. కోటలు ఎక్కి దిగే సమయం ఇందులో కలపలేదు. దేవరకొండ రేచర్ల పద్మనాయకుల కోట, కొండల నడుమ విస్తరించి ఉంటుంది కనుక దానికి ఒక పూట పూర్తిగా కావాలి. భువనగిరి కోట 500 అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల మీద ఉంది, ఎండెక్కిన తరువాత ఆ బండ మీద నిలవడం కష్టం. ఇక ఆదివారం యాదగిరిగుట్టలో దర్శనానికి ఎంతసేపు పడుతుందో హైదరాబాద్‌లో ఉన్న మీకు వేరే చెప్పనక్కరలేదు. మీ మోకాళ్ల మాట పక్కన పెట్టినా, ఈ కార్యక్రమంలో మీరిద్దరూ కలిసి గడిపేది కారు వెనుక సీటులోనే.

“మళ్లీ వస్తామా?” అన్న మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. భువనగిరి, యాదగిరిగుట్ట మీ ఇంటికి దగ్గరివి. భువనగిరికి సికింద్రాబాద్ నుంచి రైలు కూడా ఉంది. ఏ శీతకాలపు ఉదయమో బయలుదేరి భోజనాల వేళకు తిరిగి రావచ్చు. వాటి కోసం నల్లగొండలో ఉన్న రోజును ఖర్చు చేయవలసిన అవసరం లేదు. నల్లగొండ వరకూ వచ్చినవారు నల్లగొండలోనే చూడగలిగినది వేరే ఉంది, అది పానగల్. ఊరికి ఆనుకునే ఉంది, బస్టాండు నుంచి ఆటోలో కొద్ది నిమిషాల దూరం. మీ ఆదివారం మొత్తం దానికే ఇవ్వండి అని గట్టిగా చెబుతున్నాను.

పదకొండు, పన్నెండు శతాబ్దాలలో ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులకు పానగల్ రాజధాని. వారి కాలపు గుడులు రెండు, చెరువు ఒకటి ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. చెరువుతో మొదలు పెట్టండి. ఉదయ చోడుని పేర వెలిసిన ఉదయ సముద్రం అది. తెల్లవారి ఎండ రాకముందే కట్ట మీదికి వెళితే, మెట్లు ఎక్కే పని లేకుండా, మీ మోకాళ్లు ఓర్చుకున్నంత మేర నడిచి, వద్దనుకున్న చోట ఆగిపోవచ్చు. అలీమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ ద్వారా ఇప్పుడు ఈ చెరువుకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంగిపోయిన పల్లెలున్న జిల్లా ఇది. ఆ పల్లెలకు మంచినీళ్లు ఇచ్చే చోట్లలో ఈ చెరువు ఒకటి. కట్ట మీద నిలబడినప్పుడు ఆ సంగతి తెలిసి ఉంటే ఆ నీటిని చూసే చూపు వేరుగా ఉంటుంది.

అక్కడి నుంచి పొలాల నడుమ ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. ఒకే మంటపంలోకి తెరుచుకునే మూడు గర్భాలయాల గుడి ఇది. వాటిలో శివలింగం ఉన్న గర్భాలయం ముందు ఊరికే దండం పెట్టి కదిలిపోకండి. వెలుతురులో నుంచి వచ్చిన కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. అప్పుడు లింగం వెనుక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ తేరి కనబడుతుంది. పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా, పొద్దు వాలే ముందు చూసినా అది అక్కడే ఉంటుంది. సూర్యుడు కదిలినట్లు కదలదు. ఇక్కడే మీ వారికి ఒక పని అప్పజెప్పండి: ఆ నీడ మంటపంలోని ఏ స్తంభానిదో చూపించమనండి. ఎంత వెతికినా ఇదీ అని ఒక్క స్తంభాన్ని చూపడం సాధ్యం కాదు. పరిశీలించినవారు చెప్పేదేమిటంటే, గర్భాలయంలోకి చేరేది ప్రధానంగా బయటి నుంచి చెదిరి వచ్చే వెలుతురు. అది స్తంభాల మధ్య సందుల గుండా రెండు పక్కల నుంచి లోపలికి పడి, నడిమి భాగాన్ని మాత్రం నీడలో వదిలేస్తుంది. నేరుగా పడే ఎండ నీడ అయితే పొద్దుతో పాటు జరిగేది. ఇది చెదిరిన వెలుతురు వల్ల ఏర్పడినది కాబట్టి ఉన్నచోటనే ఉంటుంది. రాయిని ఏ కొలతకు, ఎంత ఎడంతో నిలిపితే వెలుతురు ఎలా విరుగుతుందో ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి స్థపతులకు తెలుసునన్న సంగతి నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. జీవితమంతా లెక్కలతోనో ఫైళ్లతోనో గడిపి విరమణ చేసిన మనిషికి ఈ ఒక్క నీడ నాలుగు చోట్లకు సరిపోయే పని కల్పిస్తుంది. ఆయన మంటపంలో అటూ ఇటూ తిరిగి వెతుకుతున్నంతసేపూ మీరు చల్లని రాతి అరుగు మీద కూర్చోవచ్చు.

తరువాత పచ్చల సోమేశ్వరాలయం. లింగం ఆకుపచ్చ ఛాయ గల రాతిదని దానికి ఆ పేరు. లోపలి కంటే బయటి గోడలకు ఎక్కువ సమయం ఇవ్వండి. రామాయణ, భారత ఘట్టాలు వాటి మీద చెక్కి ఉన్నాయి. ఏది ఏ ఘట్టమో ఒకరికొకరు చెప్పుకుంటూ గోడ చుట్టూ తిరగడం ఇద్దరూ కలిసి చేయదగిన పని. పురావస్తు శాఖ మ్యూజియం ఆ ఆవరణలోనే ఉంది. చుట్టుపక్కల దొరికిన శిల్పాలు, శాసనాలు అందులో భద్రపరిచారు. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి: చెప్పులు బయట వదలాలి, పదకొండు దాటితే ఆవరణలోని రాతి పలకలు కాళ్లు కాలేంత వేడెక్కుతాయి. అందుకే ఈ వరుస చెప్పాను. చెరువు, ఛాయా సోమేశ్వరుడు, పచ్చల సోమేశ్వరుడు, మ్యూజియం అనే క్రమంలో వెళితే ఎండ ముదిరే వేళకు మీరు కప్పు కింద ఉంటారు.

మధ్యాహ్నం గడియారం సెంటర్ చుట్టుపక్కల భోజనం చేసి, గదికి చేరి ఒక కునుకు తీసి, నాలుగు గంటలకు బస్సు ఎక్కండి. ఆదివారం చీకటి పడిన తరువాత విజయవాడ రహదారి మీద ఊళ్ల నుంచి నగరానికి తిరిగి వచ్చే వాహనాలు ఎల్బీనగర్ దాకా బారులు తీరుతాయి. మామూలుగా రెండున్నర గంటలు పట్టే దారి ఎంతకు తెగుతుందో చెప్పలేము. సాయంత్రపు ఉదయ సముద్రం చూడాలని ఉంటే శుక్రవారం పొద్దు వాలే వేళ వెళ్లండి, ఆ పూట మీకు ఎలాగూ ఖాళీయే. బత్తాయిల కాలమైతే బస్టాండుకు వచ్చే దారిలో ఒక సంచి కొనుక్కోండి. ఈ జిల్లా తోటల కాయకు మంచి పేరుంది.

శనివారం గురించి కూడా ఒక మాట చెప్పాలి. సాగర్ జలాశయం నడుమ దీవి మీద ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి మీరు శనివారం పెట్టుకోవడం సరిగ్గా కుదిరింది. అయితే జలాశయంలో నీటిమట్టం తగ్గితే లాంచీలు ఆపేస్తారు. ఆ రోజు లాంచీ దొరకకపోతే దాన్ని ఆదివారానికి జరపవద్దు. 274 ఎకరాలలో తీర్చిదిద్దిన బౌద్ధ ఉద్యానం బుద్ధవనం సాగర్‌లోనే ఉంది, 2022లో ప్రారంభమైంది. లాంచీ సమయాన్ని దానికి ఇచ్చి తృప్తిగా వెనక్కి రండి. మొదటి రెండు రోజుల బాకీలన్నీ చివరి రోజు నెత్తిన వేయడం వల్లనే ఎంతోమంది దంపతులు విహారం నుంచి అలసి, అలిగి ఇల్లు చేరుతున్నారు.

ప్రశ్న: మాది నల్లగొండ. పెళ్లయి ఏడాది అయింది. శుక్రవారం రాత్రికి మహబూబ్‌నగర్ చేరి ఆదివారం సాయంత్రం తిరిగి రావాలనుకుంటున్నాము. మా ఆవిడకు అలంపురం జోగులాంబ అమ్మవారిని చూడాలని ఉంది. శనివారం ఊళ్లో తిరిగి, ఆదివారం పొద్దున్నే అలంపురం వెళ్లి అటు నుంచి వచ్చేద్దామని నేనంటున్నాను. చివరి రోజున అంత దూరం వద్దని మా అత్తగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ అత్తగారి మాట వినండి. అయితే మీ ఆవిడ కోరిక మానుకోవలసిన పని లేదు, రోజులు తారుమారు చేస్తే సరిపోతుంది. మహబూబ్‌నగర్ నుంచి అలంపురం నూరు కిలోమీటర్ల పైమాటే, అదీ కర్నూలు దిక్కున. మీరు ఇంటికి రావలసింది జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా, అంటే వేరే దిక్కుకు. ఆదివారం మధ్యాహ్నం అలంపురంలో ఉన్న మనిషి అదే రాత్రి నల్లగొండ చేరాలంటే దర్శనం చేసుకుంటున్నంతసేపూ కన్ను గడియారం మీదే ఉంటుంది. పద్దెనిమిది శక్తిపీఠాలలో ఒకటైన చోటికి వెళ్లి అలా గడపడం బాగుండదు. పైగా అక్కడ అమ్మవారి గుడి ఒక్కటే కాదు, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. గుడి గుడికీ తిరిగి, గోడల మీది కిటికీల చెక్కడం చూసి, నది దగ్గర కాసేపు కూర్చోవాలంటే శనివారం పగలంతా కావాలి. కాబట్టి శనివారం తెల్లవారుజామునే అలంపురానికి బయలుదేరండి.

ఆదివారానికి పిల్లలమర్రి ఉంది. పాలమూరు పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, మూడెకరాలకు పైగా పరుచుకున్న, సుమారు 700 ఏళ్ల వయసుదని చెప్పుకునే మర్రిచెట్టు అది. 2017 డిసెంబరులో చెదలు తిన్న పెద్ద కొమ్మ ఒకటి కూలిపోయింది. మరుసటి ఏడాది అటవీ శాఖవారు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందును చుక్క చుక్కగా చెట్టు లోపలికి ఎక్కించారు, బరువు మోయలేని కొమ్మల కింద ఊతాలు నిలబెట్టారు. చాలా కాలం సందర్శకులను లోపలికి రానివ్వలేదు. కొమ్మల మీద ఎక్కి కూర్చోవడం, బెరడు మీద పేర్లు చెక్కడం ఆ చెట్టుకు చేసిన చేటు తక్కువది కాదు. ఇప్పుడు కంచె ఇవతల నుంచి చూడవలసి వస్తున్నందుకు నొచ్చుకోకండి, ఆ కంచె ఉండాలి. కొత్త జంటలు ఫోటోల కోసం ఊడలు పట్టుకుని లాగడం కనిపిస్తూ ఉంటుంది. మీరు అలా చేయరనే నమ్మకం నాకుంది.

చెట్టు దగ్గర గంట గడిపి వెనుదిరిగితే సగమే చూసినట్లు. పక్కనే మ్యూజియం, దాని దగ్గర రాజరాజేశ్వర ఆలయం ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు కృష్ణ ఒడ్డున మునిగిపోబోతున్న ఆ గుడిని రాయి రాయిగా విప్పి, తీసుకువచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ ప్రాజెక్టు కింద పాలమూరు జిల్లాలో పల్లెలకు పల్లెలు నీళ్ల పాలయ్యాయి. పొలాలు, ఇళ్లు పోయినవారికి ఇలా మళ్లీ నిలబెట్టుకునే అవకాశం దొరకలేదు. ఆ గుడి ముందు నిలబడినప్పుడు అది కూడా తలచుకోండి.

మధ్యాహ్నం జొన్నరొట్టె, కూర తిని బస్టాండుకు వెళ్లండి. నల్లగొండ వైపు బస్సుల వేళలు శనివారమే కనుక్కుని పెట్టుకోండి, చివరి బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: చివరి రోజు గది ఖాళీ చేసిన తరువాత సామాను ఏం చేయాలన్నదే మాకు ఎప్పుడూ పెద్ద సమస్య. సంచులు మోసుకుంటూ తిరగలేక ఇద్దరం విసుక్కుంటాము. బస్సులో సీటు దొరకకపోవడం మరో బాధ. ఉపాయం చెప్పండి.
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: గది తీసుకునేటప్పుడే అడగవలసిన మాట ఒకటుంది. మన జిల్లా కేంద్రాలలోని చాలా లాడ్జీలలో మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలనే నియమం ఉండదు, దిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క నడుస్తుంది. పొద్దున ఆరుకు దిగినవారు చివరి రోజు ఆరుకే ఖాళీ చేయాలి, సాయంత్రం నాలుగుకు దిగినవారికి నాలుగు వరకూ గది ఉంటుంది. అందువల్ల మొదటి రోజు మరీ పొద్దున్నే గదిలో దిగకుండా మధ్యాహ్నం తరువాత దిగితే, తిరుగు ప్రయాణం నాడు స్నానానికి, నిద్రకు, సామానుకు గది మీ చేతిలోనే ఉంటుంది. ఆ వీలు లేకపోతే సంచులకు తాళం వేసి లాడ్జీ కౌంటర్‌లో అప్పగించి, నగలు, డబ్బు, మందులు చిన్న సంచిలో మీ దగ్గర ఉంచుకోండి. చాలాచోట్ల కాదనరు.

బస్సు విషయానికి వస్తే, 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవారికి ఛార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపితే చాలు. ఆదివారం సాయంత్రాలు ఆ బస్సులు కిటకిటలాడుతాయి. మీకు నడుము నొప్పో, వెంట బరువైన సామానో ఉంటే ఆ ఒక్క ప్రయాణానికి డబ్బు పెట్టి, ముందుగా సీటు రిజర్వు చేసుకునే డీలక్స్ లేదా సూపర్ లగ్జరీ ఎక్కండి. భార్యకు ఉచితం ఉండగా ఎందుకని కొందరు భర్తలు సందేహిస్తారు. మూడు రోజులు సంతోషంగా తిరిగిన మనిషిని చివరి రెండు గంటలు నిలబెట్టి తీసుకురావడం కంటే ఆ ఖర్చు నయం.

ప్రశ్న: పండుగ ముందు గద్వాల వెళ్లి రెండు రోజులు ఉండి, వచ్చే రోజున చీరలు కొనుక్కోవాలని అనుకుంటున్నాము. మావారికి దుకాణంలో పది నిమిషాలకు మించి ఓపిక ఉండదు. చీరలకు ఎంత సమయం పెట్టుకోవాలి?
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వచ్చే రోజున కొనవద్దు, ముందు రోజు సాయంత్రమే కొనండి. బస్సు వేళ దగ్గర పడినప్పుడు బేరం కుదరదు, రంగు చూసుకునే తీరిక ఉండదు, దుకాణదారు చూపినదే చివరికి తీసుకోవలసి వస్తుంది. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లు నూలుది, అంచు, కొంగు పట్టువి. వాటిని కలిపే చోట నేత ఎలా ఉందో వెనక్కి తిప్పి వేలితో తడిమి చూడండి. మగ్గం మీద కలిపినదైతే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. జరీ సంగతి, చేనేత గుర్తు సంగతి నోరు తెరిచి అడగండి, రసీదు మీద రాయించుకోండి. చీరను దుకాణం దీపాల కింద చూసి ఒప్పుకోకుండా పగటి వెలుతురులోకి తెచ్చి చూడాలి కాబట్టి, పొద్దు ఉండగానే వెళ్లండి.

మీ వారిని ఆసాంతం దుకాణంలో కూర్చోబెట్టవలసిన అవసరం లేదు. గద్వాల కోట, అందులోని చెన్నకేశవ స్వామి ఆలయం ఊరి మధ్యలోనే ఉన్నాయి. ఆయన ఆ గంట అక్కడ గడిపి, మీరు రెండు మూడు చీరలు ఏరి పక్కన పెట్టిన తరువాత వచ్చి వాటిలో ఒకటి ఎంచితే ఇద్దరికీ బాగుంటుంది. ఇక మరునాడు తిరిగి వచ్చే దారిలో వీలుంటే జూరాల ప్రాజెక్టు దగ్గర ఆగి, అక్కడ అప్పటికప్పుడు వేయించి ఇచ్చే కృష్ణా చేపలతో భోజనం ముగించుకుని బయలుదేరండి. చీరల సంచిని మాత్రం ఆ నూనె వాసన తగలకుండా బండిలోనే ఉంచండి.